దిగేవాళ్ళ గుర్తులు

గర్ర్... గర్ర్... ఇనుప బ్రష్షుతో రాతిని గీకుతున్న చప్పుడు. మంచులో ఎటునుంచి వస్తోందో తెలియలేదు. కొండే గొంతు సవరించుకుంటోందేమో అనిపించింది. ఇంకో పదడుగులు ఎక్కాక మనిషి కనిపించింది. మోకాలికి పట్టీ, చేతిలో తెల్లరంగు డబ్బా.

అందరూ ఆమెను రంగుల పెద్దమ్మ అంటారు. ఆరు రోజులు దర్జీ కొట్లో కాజాలు కుడుతుంది. ఏడో రోజు ఎవరూ పెద్దగా రాని ఈ కొండెక్కుతుంది. దారి పొడవునా రాళ్ళమీద గుర్తులు వేసింది ఆమె భర్త. అప్పట్లో డబ్బా మోసింది ఈమె. ఆయన పోయాక బయటపడింది పొరపాటు: గుర్తులన్నీ రాళ్ళకు కిందివైపే ఉన్నాయి. ఎక్కేవాళ్ళకు కనిపిస్తాయి, దిగేవాళ్ళకు కనిపించవు. పోయినేడాది మంచులో ఇద్దరు దారితప్పి లోయ అంచుదాకా వెళ్ళారు. అప్పటినుంచీ ఒక్కో రాతికీ పైవైపు రంగు వేస్తూ వస్తోంది.

"ఆయనంతే బాబూ. ఇంట్లోంచి బయల్దేరడమే గానీ, తిరిగి రావాలన్న ధ్యాసుండేది కాదు" అని నవ్వింది.

మిగిలింది ఒక్క రాయి, శిఖరం కిందిది. ఎల్లుండి మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత కొండ మాటెత్తితే ఊరుకోనంది కూతురు.

"'ఇంటిగోడ పెచ్చులూడుతుంటే కొండకు సింగారమా' అంటుంది. దానికి నా నోరే వచ్చింది."

తడిరాయి రంగు పట్టలేదు. వేసిన గీత పాలలా జారిపోయింది. కొంగుతో తుడిచింది, ఊదింది, చాలాసేపు అరచేయి ఆనించి ఉంచింది. మూడోసారి నిలిచింది.

"పైకెళ్ళి చూడు బాబూ. కనిపిస్తే కేకెయ్యి."

శిఖరం మీద గోపురం లేదు, పేరు రాసిన పలక లేదు. ఒక బల్లపరుపు రాయి, దానిమీద గాలి. తిరిగి చూసేలోపు మంచు చీలింది. కొండ వెనక కొండ, నీలం వెనక పలచని నీలం. ఆఖరిది ఎక్కడ ఆగి ఆకాశమైందో చెప్పలేను. ఊపిరి తీసుకోవడానికి కూడా బెరుకేసింది. వాటన్నిటి మధ్య, కాళ్ళ కింద, అరచేయంత తెలుపు. దాని కింద మరొకటి. ఇంకా కింద మరొకటి.

"కనిపిస్తోంది పెద్దమ్మా! అన్నీ కనిపిస్తున్నాయి!"

ఆమె రాళ్ళు పట్టుకుంటూ పైకి వచ్చింది. డబ్బా కింద పెట్టింది. మళ్ళీ మంచు కమ్మేలోగా దిగుదామన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

"ఇన్నేళ్ళూ రాళ్ళు చూసుకోవడంతోనే సరిపోయింది. నువ్వు పద బాబూ, నేను ఒక్కసారి కొండను చూసొస్తా."