ఫ్రెంచివాళ్ళ మంచెలకు కాపలా

మా రేవులో వేసవి ఒకరిది, చలికాలం ఇంకొకరిది. ఇంగ్లీషు రాజూ ఫ్రెంచి రాజూ ఎక్కడో కూర్చుని మా న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డును అలా పంచుకున్నారు. వసంతంలో ఫ్రెంచివాళ్ళు ఓడల్లో వచ్చి కాడ్ చేపలు పట్టి, ఎండబెట్టుకుని, సముద్రం గడ్డకట్టేలోపు వెళ్ళిపోవాలి. మేం ఇంగ్లీషువాళ్ళం ఏడాది పొడుగునా ఉండవచ్చు గానీ వాళ్ళ పనికి అడ్డంగా ఇల్లు కట్టకూడదు. కడితే పీకించే హక్కు వాళ్ళకుంది. ఎవరికీ సొంతం కాని ఊళ్ళో కాపురం చేస్తే తెలిసేది ఆ రాజులకి!

వాళ్ళు వెళ్ళిపోయాక చేపలెండేసే మంచెలూ, ఉప్పుకొట్టూ, బోర్లించిన పడవలూ కాచేది ఊరంతా అత్తా అని పిలిచే మా డోర్కస్ అత్త. పనిపిల్లగా ఓడెక్కి వచ్చి ఇక్కడే పెళ్ళి చేసుకుంది. కొత్త కాపురంలోనే మొగుడు సీలు వేటకు వెళ్ళి మంచుగడ్డల్లో పోయాడు. అతను కట్టిన ఇల్లొక్కటే ఆమెకు మిగిలింది. అదేమో సరిగ్గా ఫ్రెంచివాళ్ళు చేపలారబెట్టే చోట ఉంది.

"నా మంచెల మీద ఎవరి చెయ్యీ పడనివ్వకు డోర్కస్. నీ ఇంటి మీద నేనూ ఎవరి చెయ్యీ పడనివ్వను" అన్నాడు ఫ్రెంచి ఓడ ముసలి కెప్టెన్ లొజాక్. కాగితం లేదు, సాక్షి లేడు. ఇద్దరూ చెయ్యి కలిపి చెరో గుక్క బ్రాందీ తాగారంతే.

ఇంతలో ఇద్దరు రాజులకూ యుద్ధమొచ్చింది. ఫ్రెంచి తెరచాప కనబడటం మానేసింది. ఏడాదీ రెండేళ్ళూ కాదు, నా పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా. ఊళ్ళో అందరి కళ్ళూ ఆ మంచెల పలకల మీదే.

"శత్రువు సొత్తుకి కాపలా ఏంటత్తా? మనవాళ్ళు వాళ్ళ ఓడలు ముంచుతుంటే నువ్వు వాళ్ళ కొట్టుకి తాళమేస్తున్నావా?" అని మా ఆయన జెబ్ వెక్కిరించాడు.

"రాజు నీకు చెప్పే యుద్ధానికెళ్ళాడా రా? పలక ముట్టుకున్నావంటే తెడ్డుతో నడుం విరగ్గొడతా!"

మొండిఘటం! ఏటా మంచుకు విరిగిన గుంజలు పీకి కొత్తవి పాతుకుంటూనే ఉంది. పిచ్చి పట్టిందేమో అని నేనూ అనుకున్నాను.

చివరికి యుద్ధం ముగిసి ఓడ వచ్చింది. అత్త ఒడ్డుకు పరిగెత్తింది. దిగినవాడు లొజాక్ కాదు, మేనల్లుడు ఎర్వే. ముసలాయన పోయాడట. ఎర్వే మంచెలు తట్టి చూశాడు, కొట్టు తెరిచి చూశాడు. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఇంటివైపు తిరిగాడు.

"ఇది మా ఒడ్డు. ఆ కొంప పీకెయ్యండి."

"మీ మామ నాకు మాటిచ్చాడు నాయనా."

"మా మామ నాతో ఏమీ చెప్పలేదు."

మధ్యాహ్నానికల్లా ఇల్లు నేలమట్టమైంది. "మీ చేతులు పడిపోను!" అని నేను గొంతు చించుకున్నాను. అత్త మాత్రం గిన్నెలు ఏరుకుని మా ఇంటికొచ్చేసింది.

"మంచెలు తగలబెట్టేద్దాం అత్తా" అన్నాడు జెబ్.

"ఆగరా. వాళ్ళు ఇక్కడుండేది వేసవే కదా."

గాలిలో చలి దిగేసరికి ఎర్వే కాపలా మనిషి కోసం గడప గడపా తిరిగాడు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి ఫ్రెంచివాళ్ళంటే భయం. జెబ్ అయితే అతని మొహానే తలుపేశాడు. ఆ తలుపే మళ్ళీ కొట్టి, టోపీ తీసి నిలబడ్డాడు ఎర్వే.

"అమ్మా, పాత కాపలా నువ్వే చూడాలి."

"ఇల్లు లేనిదాన్ని, ఎక్కడ కూర్చుని కాయను?"

"వచ్చే వసంతంలో కట్టిస్తా. మాటిస్తున్నా."

"మాట మీ మామ ఇచ్చాడు. నువ్వు ఇప్పుడే ఇంటి కప్పు వెయ్యి."

అక్కడ గడ్డకట్టబోతున్న సముద్రం ఎర్వే కోసం ఆగేది కాదు. ఇల్లు పీకిన నావికులే మంచెల పలకలు ఊడదీసుకొచ్చి, అదే చోట ఇల్లు మళ్ళీ నిలబెట్టారు. మా ఆయన కూడా వెళ్ళి మేకులందించాడు. ఇల్లు కూలిన రోజున కంట తడి పెట్టని మా అత్త, తలుపు బిగించి వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఖాళీ ఇంట్లో నేల మీద కూలబడి భోరున ఏడ్చింది.