పొద్దున నా మాట, మధ్యాహ్నం నీ ఇష్టం

ఇబ్రహీంపట్నంలో ఉండే భానుశ్రీ, తన కూతురు సాయిశ్రీని దసరా సెలవుల తర్వాత బడికి పంపలేదు. పిల్లకి తొమ్మిదేళ్లు. వారం వారం పరీక్షలు పెట్టే ఆ బడి పేరెత్తితే పొద్దున్నే వాంతి చేసుకునేది. కనుబొమల వెంట్రుకలు పీక్కునేది. "కొన్నాళ్లు వదిలేయండమ్మా" అన్నారు డాక్టరుగారు. భానుశ్రీ గవర్నర్‌పేటలో ఆడిటరు ఆఫీసు ఉద్యోగం మానేసి, ఇంట్లోనే చదివిస్తానంది.

మొదట్లో పుస్తకం ఊసే ఎత్తలేదు. పిల్ల కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది. ఒకరోజు పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర కూర్చుని, ఆకుల మీద పక్షి రెట్టల్లా ఉన్నవి పురుగులని కనిపెట్టింది. అవి పెరిగి ఆకుపచ్చగా మారడం, ముట్టుకుంటే తల దగ్గర ఎర్రటి కొమ్ములు చాపడం చూసి బొమ్మలు గీసింది. వాటి గురించి తెలుసుకోవాలని ఫోనులో ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. కనుబొమలు మళ్లీ మొలిచాయి.

"ఆ పురుగులు రేపు అన్నం పెడతాయా?" అంది అత్తగారు పద్మావతమ్మ. "మొన్న పెళ్లిలో ఎవరో ఏడో ఎక్కం అడిగితే బిక్కమొహం వేసింది. నాకు తల కొట్టేసినట్టయింది."

"నువ్వు చేసేది తప్పనట్లేదు భానూ," అన్నాడు భర్త జయంత్. "కానీ ఒక పద్ధతంటూ ఉండాలిగా."

ఆ భయం భానుశ్రీకీ ఉంది. పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది. "పొద్దున నా మాట, మధ్యాహ్నం నీ ఇష్టం. సరేనా?"

"సరేనమ్మా."

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత పొద్దున మిగిలిన లెక్కలు భోజనం దాటి సాగాయి. ఆ పైన ఆన్‌లైన్ పరీక్షలు వచ్చి చేరాయి. మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైంది.

ఆ రోజుల్లోనే కరివేపాకు కొమ్మకి వేలాడుతున్న సీతాకోకచిలుక గూడొకటి నల్లబడింది. లోపల రెక్కలు కనిపిస్తున్నాయి.

"అమ్మా, ఇవాళే బయటికొస్తుంది. ఒక్కసారి వెళ్లి చూడనా?"

"ఈ భాగహారాలు అవ్వగానే."

పిల్ల గబగబా చేసింది. అన్నీ తప్పులే. భానుశ్రీ మళ్లీ చేయించింది. వెళ్లి చూడాలని తనకీ ఉంది. ఇవాళ వదిలితే రేపు ఇంకోటి అడుగుతుందని ఊరుకుంది. ఇద్దరూ పెరట్లోకి వెళ్లేసరికి పలచటి డొల్ల మాత్రమే వేలాడుతోంది.

"ఎగిరిపోయిందమ్మా," అంది సాయిశ్రీ. ఏడవలేదు. లోపలికి వచ్చి పెన్సిలు చెక్కుకుంది.

ఆ తర్వాత చెప్పిన పని చెప్పినట్టు చేసింది. పెరట్లోకి వెళ్లడం మానేసింది. "దార్లో పడింది," అని పద్మావతమ్మ సంతోషించింది. భానుశ్రీకి గుండెల్లో రాయి పడింది. గోడ మీది టైంటేబుల్ చించేసింది.

"ఇక రోజంతా నీదే. ఏం చేద్దాం?"

పిల్ల చించిన కాగితాలు ఏరి పక్కన పెట్టింది. "నువ్వే చెప్పమ్మా."

కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్లింది. మైలవరం వైపు మామిడి తోటల్లోకి తీసుకెళ్లింది. సాయిశ్రీ అమ్మ చెయ్యి పట్టుకుని, చూడమన్న వైపు చూసింది. "బాగుందా?" అంటే "బాగుంది" అంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎండాకాలం అలాగే గడిచిపోయింది.

జూన్‌లో జయంత్ వేరే బళ్లో చేర్పించాడు. ప్రవేశపరీక్ష పిల్ల చక్కగా రాసింది. మొదటి రోజు వాంతి చేసుకోలేదు.

"భయంగా ఉందా తల్లీ?" ఇంటి గేటు దగ్గర అడిగింది భానుశ్రీ.

"ఏం లేదు," అని బస్సెక్కి, చూపించిన సీట్లో కూర్చుంది.

పక్కింటి సంపూర్ణమ్మ గోడ మీంచి చూస్తోంది. "ఎంత బుద్ధిగా వెళ్లిందండీ! మీ ఇంటి చదువు బాగా పనిచేసింది."

"అవునండీ," అంది భానుశ్రీ.