లూర్దక్క ఇల్లు వదిలిన మాట నిజం

మా అక్క లూర్దు మేరీ ముప్పైమూడో ఏట హఠాత్తుగా కన్నుమూసింది. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, జెర్సీ సిటీలో రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "ఫాతీ, అక్క పడిపోయిందంటమ్మా. తలలో నరం చిట్లిందంట. నువ్వు వెంటనే బయలుదేరు" అంది. నేను షికాగోలో విమానం దిగేసరికి తమ్ముడు జోజి ఎదురొచ్చి, రెండు చేతులా నా సంచి అందుకున్నాడు. వాడు దాన్ని అందుకున్న తీరులోనే నాకు అర్థమైపోయింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఈ అక్షరాలు రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. చదివేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

మా తెలుగు కథోలిక సంఘం పత్రిక సంపాదకులు నన్ను ఈ వ్యాసం అడిగారు. "మీ అక్కగారి త్యాగమయ జీవితం గురించి నాలుగు మాటలు రాయండమ్మా, మన ఆడపిల్లలకు ఆదర్శంగా ఉంటుంది" అన్నారు. రాస్తానన్నాను. కానీ వారు కోరిన నాలుగు మాటలు ఇవి కావు.

అక్క సమాధి పూజ నాడు షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లోని మా విచారణ గుడి, అదే మా ప్యారిష్ చర్చి, నిండిపోయింది. మా తెలుగువాళ్ళు, మాలాగే పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే అమెరికన్ కుటుంబాలు, వరసగా అయిదారుగురు పిల్లలతో వచ్చిన తల్లులు. పూజ అయ్యాక నాన్న లేచి మొదట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో మాట్లాడారు. "నా లూర్దు ఒక్కరోజు కూడా ఈ కుటుంబాన్ని విడిచిపెట్టలేదు. తన జీవితాన్ని తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ సజీవబలిగా అర్పించింది" అన్నారు. నా వెనక వరసలో ఎవరో ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ "పునీతురాలు" అంది. నాన్న చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం గుళ్ళో, దేవుని పీఠం ముందు, శవపేటిక పక్కన నిలబడి చెప్పారు. అందుకే ఇది రాస్తున్నాను.

మేము ఎనిమిదిమందిమి. పెద్ద నలుగురం గుంటూరు దగ్గర పుట్టాం. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అమెరికా వచ్చినప్పుడు అక్కకు పదేళ్ళు, నాకు ఏడు. మా తాతగారు ఊళ్ళో ఉపదేశి. సాయంత్రాలు గుడిలో జపం చెప్పించేవారు, పిల్లలకు సత్యోపదేశం నేర్పేవారు. నాన్నకు తన తండ్రి అంటే అపారమైన గౌరవం. అక్కకూ నాకూ మరియమాత క్షేత్రాల పేర్లే, లూర్దు, ఫాతిమా అని, పెట్టారు. ఇక్కడికొచ్చిన కొత్తలో అక్కా, నేనూ మామూలు బడికే వెళ్ళాం. అక్కకు ఆ బడి చాలా ఇష్టం. పసుపు బస్సులో ముందు సీటు కోసం పరిగెత్తేది. రెండేళ్ళయ్యాక, గుళ్ళో పరిచయమైన ఒక కుటుంబం ద్వారా నాన్నకు హోమ్‌స్కూల్ సంగతి తెలిసింది. "ఈ బళ్ళు పిల్లల్ని మన చేతిలోంచి పట్టుకుపోతాయి. మన విశ్వాసం మనమే నేర్పుకుందాం" అని మమ్మల్ని మాన్పించారు. మా ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరూ వచ్చి చూడరు కూడా.

నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళూ బాగానే గడిచాయి. అమ్మ బి.ఎస్సీ., బి.ఎడ్. చదివిన మనిషి. బేస్‌మెంట్‌లో రెండు మడత బల్లలు, ఒక తెల్ల బోర్డు, ఆగస్టులో పెట్టెల నిండా వచ్చే పుస్తకాలు. పొద్దున ఏడింటికి జపమాల, ఎనిమిదింటికి లెక్కలు. అమ్మ చెబితే భిన్నాలు కూడా కథలా ఉండేవి. ఆ తర్వాత అమ్మకు వరసగా కష్టమైన కాన్పులు. ఏడో బిడ్డ కడుపులో ఉండగా డాక్టర్ మంచం దిగవద్దన్నారు. ఆ సోమవారం బేస్‌మెంట్‌లో బోర్డు దగ్గర ఎవరూ లేరు. అక్క నిమిషంసేపు చూసింది. లేచి మార్కర్ తీసుకుని, "సరే, ఎవరు ఎక్కడున్నారో పేజీ నంబర్ చెప్పండి" అంది. అప్పటికి అక్కకు పద్నాలుగేళ్ళు. ఆ మార్కర్ మళ్ళీ కింద పెట్టింది ముప్పయ్యో ఏట.

ఎంత గొప్ప టీచరో చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఇంట్లో పదిమందిమి, రోజుకు ఇరవై మేజోళ్ళు ఉతుక్కి పడేవి. ఆరిన మేజోళ్ళ గుట్టను బల్ల మీద పోసి "ఇందులో జోజివి ఎన్నో వంతు? జత దొరకనివి ఎన్నో వంతు?" అని అడిగేది. బట్టలు మడత పెట్టడం అయిపోయేది, మాకు భిన్నాలు వచ్చేసేవి. జోజికి అక్షరాలు తారుమారుగా కనిపించేవి. వాడికి తొమ్మిదేళ్ళొచ్చినా చదవడం రాలేదు. నాన్న అది బద్ధకమన్నారు. అక్క లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి, తనే చదువుకుని, ఇసుక పోసిన పళ్ళెంలో వాడి వేలు పట్టుకుని ఏడాదిపాటు దిద్దించింది. ఆ జోజి ఇవాళ ఇంజనీరు. నాకు తెలుగు నేర్పింది కూడా అక్కే, తాతగారు పంపిన జపాల పుస్తకం ముందు పెట్టుకుని. "తప్పు రాస్తే పర్వాలేదు. రాయకుండా కూర్చుంటేనే నాకు కోపం" అనేది. ఈ వ్యాసంలో ఉన్న తెలుగు ఆమె పెట్టిన భిక్ష.

ఇంత నేర్పిన మనిషి తన తొమ్మిదో తరగతి, పదో తరగతి ఎప్పుడు చదివిందో ఎవరికీ తెలియదు. మేము పాఠం రాసుకుంటుంటే పక్కన చంటిపిల్లకు పాలసీసా పట్టిస్తూ తన ఆల్జీబ్రా పుస్తకం తిరగేసేది. ఆమె జవాబులు దిద్దినవారు లేరు. పుస్తకం చివర ఉన్న జవాబులు తనే చూసుకుని, తప్పయితే నిట్టూర్చి, మళ్ళీ చేసేది.

ఇక్కడ కాలేజీకి వెళ్ళాలంటే నాలుగేళ్ళ హైస్కూల్ మార్కుల పట్టీ కావాలి. ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు. ఇంట్లో చదివిన పిల్లలకు తల్లిదండ్రులే దాన్ని తయారుచేసి, ప్రిన్సిపాల్ అని రాసి సంతకం పెడతారు. నాది అక్క తయారుచేసింది. ఏ సబ్జెక్టు, ఏ పుస్తకం, ఎన్ని గంటలు, ఏ గ్రేడు, అన్నీ వారంరోజులు కూర్చుని టైప్ చేసింది. నాన్న కాఫీ తాగుతూ సంతకం పెట్టారు. నేను పద్దెనిమిదో ఏట ఆ కాగితంతో కాలేజీకి వెళ్ళిపోయాను. బయలుదేరే రోజు వ్యాన్ దగ్గర అక్క చేతులు పట్టుకుని, "ఒక్క ఏడాదక్కా. నేనొచ్చి పిల్లల్ని చూసుకుంటాను, నువ్వు వెళ్దువుగాని" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఏడాది తిరిగాక అక్క దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి అప్లై చేసింది. తన ట్రాన్‌స్క్రిప్ట్ తనే టైప్ చేసుకుని నాన్న ముందు పెట్టింది. నాన్న దాన్ని చదివి, మడిచి, పక్కన పెట్టారు. "ఇంకో రెండేళ్ళు ఆగు తల్లీ. జోజి ఒడ్డున పడనీ. అమ్మ ఆరోగ్యం చూస్తున్నావుగా" అన్నారు. ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది.

"ఫాతీ, నువ్వు వస్తానన్నావు కదే?"

"అక్కా, నాకు ఫార్మసీలో సీటొచ్చింది. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ రాదేమో."

వెనక మా ఆఖరి చెల్లెలు, నాలుగేళ్ళ తెరేసా ఏడుస్తోంది.

"సరేలే. చదువుకో. మధ్యలో ఆపొద్దు" అంది.

ఆ తర్వాత నన్ను ఎప్పుడూ అడగలేదు. నాన్నను మాత్రం ఇంకో మూడుసార్లు అడిగింది. జోజి అయ్యాక ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. మొత్తం అయిదుగురికి ట్రాన్‌స్క్రిప్టులు తయారుచేసింది అక్క. అయిదింటి మీదా నాన్న సంతకం ఉంది. ఆరోది, ఆమె సొంతది, టేబుల్ సొరుగులో ఉండిపోయింది. నాన్న క్రూరుడు కారు. మా మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. అడిగిన ప్రతిసారీ ప్రేమగానే చెప్పారు. అందుకేనేమో కాదనడం అక్కకు అంతకాలం చేతకాలేదు. సెలవులకు వచ్చిన మేము ఆమె చేసిన పులిహోర తిని, "అక్క లేకపోతే ఈ ఇల్లు నడవదు" అని మెచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఆ మెప్పు ఆమెకు తాళం వెయ్యడమే అని మాకు తెలియదని అనను. తెలుసు.

అక్క ఇల్లు వదిలింది ఒక గురువారం మధ్యాహ్నం. ఇది అమ్మ చెప్పిన సంగతి. పిల్లలకు అన్నాలు పెట్టి, పాఠం పూర్తి చేసి, బోర్డు శుభ్రంగా తుడిచింది. ఆ ఏడాది చివరిదాకా ఏ రోజు ఏం చెప్పాలో రాసి ఉంచిన ఫైలు తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, ఇంక ఇంట్లో ఇద్దరే ఉన్నారు. నువ్వు చెప్పగలవు. నాకంటే బాగా చెబుతావు. నేను వెళ్తున్నాను."

"నాన్నకేం చెప్పనే?"

"నేను అడగలేదని చెప్పు. ఈసారి అడగలేదని."

గుళ్ళో పరిచయమైన ఒక పెద్దావిడ ఇంట్లో చిన్న గది అద్దెకు తీసుకుంది. పొద్దున కిరాణా దుకాణంలో పని, సాయంత్రం చదువు. ఎవరి సంతకం అక్కర్లేని జీఈడీ పరీక్ష రాసి, హైస్కూల్‌తో సమానమైన అర్హత తెచ్చుకుంది. మొదటిసారికే ప్యాసయింది. తర్వాత ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో చేరింది. "టీచర్ ట్రైనింగ్ కదా నీకు సరిపోయేది?" అన్నాను ఫోన్లో. పకపకా నవ్వింది. "నా వల్ల కాదే బాబూ! ఇక్కడైతే 'ఊపిరి బిగబట్టండి' అని ఒక్కసారి చెబితే చాలు, పెద్దపెద్దవాళ్ళు కూడా వినేస్తారు." అక్క అలా నవ్వడం నేను చిన్నప్పుడు విన్నాను. మళ్ళీ అప్పుడే.

నాన్న కేకలు వెయ్యలేదు. చేసిందల్లా ఒక్కటే. ప్రతి సాయంత్రం జపమాలకు ముందు మా ఇంట్లో ప్రార్థన ఉద్దేశాలు చదువుతారు: రోగుల కోసం, ఉత్తరించే స్థలంలో శుద్ధి పొందుతున్న ఆత్మల కోసం, దారి తప్పినవారి కోసం. ఆ మూడోదాని కింద అక్క పేరు చేర్చారు. మూడేళ్ళపాటు ప్రతిరోజూ, ఆమె అక్షరాలు నేర్పిన పిల్లల చేత, ఆమె దారి తప్పిందని ప్రార్థన చేయించారు. క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు నేనూ మోకరించి జవాబు చెప్పాను. నోరు మూసుకుని ఉండగలిగేదాన్నే. ఉండలేదు.

ఆ మంగళవారం అక్క తన శిక్షణ జరిగే ఆస్పత్రిలోనే కూలిపోయింది. ఈ సంగతి సమాధి పూజ నాడు రోసా అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి చెప్పింది. అక్కతోపాటు అదే క్లాసులో చదువుతోంది. భోజనాల హాల్లో నా పక్కకు వచ్చి, "మీరే ఫాతిమానా? తను ఎప్పుడూ మీ గురించే చెప్పేది, నా చెల్లెలు ఫార్మసిస్ట్ అని" అంది. ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

"ఆ రోజు స్కాన్ గదిలో నేనే ఉన్నాను. స్క్రీన్ మీద చూడగానే మాకు తెలిసిపోయింది. మాకు ఫిజిక్స్ వచ్చిందంటే తన వల్లే. శనివారాలు లైబ్రరీలో ఏడుగురిని కూర్చోబెట్టి చెప్పేది. ఇంకో రెండు నెలలైతే కోర్సు అయిపోయేది. గ్రాడ్యుయేషన్ గౌను సైజు ఇవ్వడానికి నాతోపాటే వచ్చింది. అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో!"

సమాధి అయిన మూడోరోజు వంటగదిలో నాన్నా, అమ్మా, తెరేసా, నేను ఉన్నాం. నేను అడిగేశాను.

"నాన్నా, మూడేళ్ళుగా అక్క ఈ ఇంట్లో లేదు. అందరి ముందూ అలా ఎందుకు చెప్పారు?"

నాన్న కిటికీ వైపు తిరిగారు. "అలా జరిగి ఉంటే బాగుండేదని, అమ్మా" అన్నారు. నాకు జాలేసింది. క్షమించాలని మాత్రం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

అప్పుడు తెరేసా మాట్లాడింది. దానికిప్పుడు పదిహేనేళ్ళు. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు ముక్కలుముక్కలుగా వస్తుంది. "నాన్నా, నేను ఆగస్ట్‌లో హైస్కూల్ వెళ్తాను. రియల్ స్కూల్. అక్క, నేను మాట్లాడాం."

నాన్న "ఇప్పుడా, ఈ సమయంలోనా?" అన్నారు. అమ్మ పొయ్యి ఆపేసింది. ఇన్నేళ్ళుగా ఆయన మాటకు ఎదురాడని మా అమ్మ, చెయ్యి తుడుచుకుంటూ, "ఇప్పుడే. రేపు నేనే బడికి తీసుకెళ్ళి పేరు రాయిస్తాను. ఒక పిల్ల విషయంలో నోరు మూసుకున్నాను, చాలు" అంది. మర్నాడు తీసుకెళ్ళింది. ఆ మాట అమ్మ పదకొండేళ్ళ ముందు అని ఉంటే బాగుండేదని నేను అనలేదు. ఆమెకే తెలుసు.

ఆప్తులారా, మా అక్క లోటు తీరేది కాదు. ఆమె దగ్గర చదువుకున్న ఏడుగురిలో ఏ ఒక్కరమూ ఆమెకు ఒక్క ఏడాది ఇవ్వలేదు. ఆమె ఆత్మకు నిత్యవిశ్రాంతి కోసం ప్రార్థించండి. మా కోసం కూడా ప్రార్థించండి, మాకే ఆ అవసరం ఎక్కువ. ఒక్కటి మాత్రం వేడుకుంటున్నాను: మా లూర్దక్కను పునీతురాలు అనకండి, మీ ఆడపిల్లలకు ఆదర్శమని చూపించకండి. ఆమె బలి అర్పించుకోలేదు, మేము తీసుకున్నాం. ఆమె కోరుకున్నది చదువు. పదహారేళ్ళు ఆలస్యంగా, ఇల్లు వదిలి, తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి, చదువుకుంటూ చనిపోయింది.