రాతి పలకా, కొట్టే పలకా

పాట రాసుకుని చాలా రోజులైంది గానీ, దాన్ని దేంట్లో రికార్డు చేయాలో మాత్రం తేలలేదు. ఫోనులో ఒక యాప్ దించుకున్నాను, తీసేశాను. ఇంకొకటి దించుకున్నాను. అందులో బీట్ బాగానే కుదిరింది కానీ, వైరు లేని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడితే నా గొంతు దరువు వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. వైరున్న హెడ్‌ఫోన్లు కొనమని ఒక వీడియోలో చెప్పారు. మైకు దగ్గరికొచ్చేసరికి ఒకరు మంచిదన్నది ఇంకొకరు దండగన్నారు. మిషన్ మీద కుడుతూ అవన్నీ చూసి చూసి, ఒక జాకెట్టుకి రెండు చేతులూ కుడివైపువే కుట్టేశాను.

ఇక లాభం లేదని మార్కాపురంలో మైక్‌సెట్ల దుకాణానికి వెళ్లాను.

"అన్నా, పలక సౌండు బాగా పట్టే మైకు కావాల."

"ఏ పలక పాపా? రాతి పలకా, కొట్టే పలకా?"

ఇక్కడ ఆ ప్రశ్న తప్పదు. బడిపిల్లల పలకలు తయారయ్యేది మా దగ్గరే. డప్పునీ మేం పలకనే అంటాం.

"కొట్టేదే అన్నా. దాంతో పాటు నా గొంతు."

"మీ ఇంటికాడ చప్పుళ్లేమన్నా ఉండాయా?"

"పక్క సందులో రాయి కోసే మిషనుంది. మేకలుండాయి. మా అమ్మ ఉంది."

ఆయన నవ్వి, చేతిలో మెరుస్తున్న మైకును పెట్టెలో పెట్టేశాడు. "అట్లయితే ఇది వద్దు. చీమ తుమ్మినా పట్టేస్తాది. ఇదిగో, నోటికాడ పెట్టుకుని పాడేది. వైరు తిన్నగా కంప్యూటర్‌కి పెట్టుకో, చాలు."

పాత ల్యాప్‌టాప్‌లో డబ్బులడగని సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకున్నాను. అందులో తబలా ఉంది, డోలక్ ఉంది, పేరు తెలియని డ్రమ్ములు బోలెడున్నాయి. పలక లేదు. నా పాటేమో పొద్దున్నే రాయి పనికి పోయే మా వాడ ఆడవాళ్ల నడక గురించి. ఆ నడకకి పలక తప్ప ఇంకేదీ సరిపోదని నా మొండిపట్టు.

మా నాయన ఒకప్పుడు పలక కొట్టేవాడు. చావులకీ జాతరలకీ పిలిచేవాళ్లు, పిలిచి దూరంగా నిలబెట్టేవాళ్లు. పలకల ఫ్యాక్టరీలో పని దొరికిన రోజు దాన్ని అటకెక్కించాడు. మళ్లీ తాకలేదు.

"ఒక్కసారి కొట్టు నాయనా. ఎవరింటి ముందరో కాదు గదా, నా పాటకే గదా."

"దించనని చెప్పినా గదా. ఆ కంప్యూటర్‌లో ఉండేవి వాడుకో."

కోపమొచ్చింది. ఆయన ముఖం చూశాక, ఎందుకడిగానా అని సిగ్గూ వేసింది. అయినా మనసు ఊరుకోదే.

ఆదివారం, రాయి మిషన్ ఆగిన రోజు. కిటికీకి బొంత కట్టి, ల్యాప్‌టాప్‌లోని ఏదో డ్రమ్ము బయటికే మోగించుకుని పాడి చూసుకుంటున్నాను. నాయన ప్రార్థన నుంచి వచ్చాడు.

"ఏంది మే ఆ రేకుడబ్బా?"

"నువ్వు కొట్టనంటివి. నాకిదే గతి."

సరిగ్గా వినమని, మైకుతో పాటు కొన్న హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి తగిలించాను. కాసేపు విని మొహం చిట్లించాడు. "నడకంటివి, ఇది కుంటుతాంది గదే." మంచం మీద నేను జాకెట్ల కొలతలు రాసుకునే పలక ఉంది. దాన్ని ఎడమ చేత్తో గుండెకి ఆనించుకుని వేళ్లతో చిన్నగా కొట్టాడు. ఆగాడు. మళ్లీ కొట్టాడు.

"పలకే గదా నువ్వడిగింది? ఇదీ పలకే. ఆ మైకు ఇట్ల పెట్టు."

దరువు, గొంతు విడివిడిగా రికార్డు చేయాలని వీడియోల్లో చెప్తారు. ఆయన మనసు మారుతుందేమోనని నాకు భయం. ఒకే మైకు ఇద్దరి మధ్యా పెట్టి రికార్డు నొక్కేశాను.

రెండు చరణాలైనా కాకముందే ఆపేశాడు. "ముందుకు ఉరుకుతాండావు మే. పనికి పోయే ఆడోళ్లు అట్ల ఉరుకుతారా?"

"ఆలస్యమైతే ఉరకరా?"

"ఉరికితే సద్ది ఒలుకుతాది. మళ్లీ మొదలుపెట్టు."

ఎవరి జాకెట్టు కొలతో చెరిగి, సుద్దగా ఆయన వేళ్లకి అంటుకుంది. ఈసారి నోరు తెరవకుండా ఆయన మొదటి దెబ్బ కోసం ఆగాను. అంతసేపు ఆగడం నాకెంత కష్టమో!