ఎడమ చెప్పు, పదిహేడు మెట్లు

జూలైలో, తమిళుల ఆడి నెల మొదటి శుక్రవారం, ఉదయం ఆరున్నర. ఉన్నవారు: నేను, నా భార్య కనకవల్లి, కింది వాటాలో ఉండే తమ్ముడు దామోదరం. డైరీలో ఆ పేజీ మొదలయ్యేది ఇలాగే. రాసింది మాత్రం మూడు రోజుల తర్వాత, ఆస్పత్రి మంచం మీద.

పాల పాకెట్ కోసం మేడ దిగుతున్నాను. పైనుంచి కనకవల్లి అరిచింది.

"ఏమండి, ఒంటి చెప్పుతో యాడికి పోతావుండారు? ఎడమది ఈడే మెట్టు మీద పడుండాది!"

నిజమే. చెప్పు జారిన సంగతి నా కాలికి తెలియలేదు. మరో రెండు మెట్లు దిగానో లేదో మోకాలు మడతపడింది. కింద నిలబడ్డ దామోదరం పట్టుకున్నాడు.

సీటీ స్కాన్, ఎమ్మారై అయ్యాక డాక్టరు చెప్పారు: "స్ట్రోక్. మెదడు కుడి పక్క క్లాట్ ఉంది. చెయ్యి తప్పించుకుంది, ఎడమ కాలికి మాత్రం రీహాబ్ చాలా కావాలి."

పన్నెండు రోజులకు ఇంటికి వచ్చాను గాని, దామోదరం వాటా దాకానే. మా వాటాకు పదిహేడు మెట్లు. పాత ఇల్లు, ఇరుకు మెట్లు; మనిషిని మోసుకుపోవడం కుదరదు. నా గది, నలభై ఏళ్ళ డైరీలు పైనే ఉండిపోయాయి. నా కాళ్ళతో పైకి వెళ్ళాలి. అంతకు మించి ఏమీ కోరుకోలేదు.

రెండు నెలల ఫిజియోథెరపీతో కాలు కాస్త కదిలింది. అప్పుడు డాక్టరు ఎఫ్ఈఎస్ సైక్లింగ్ రాశారు. కుర్చీలో కూర్చుంటే పాదాలను పెడల్స్‌కు కడతారు. తొడకు, పిక్కకు ప్యాడ్లు అంటిస్తారు. వాటిలోంచి వచ్చే చిన్న కరెంటుకు కండరం బిగిసి పెడల్ తొక్కుతుంది. తక్కువైన బలం మోటారు ఇస్తుంది. ఫిజియో సౌజన్య రాజమండ్రి అమ్మాయి.

"చీమలు పాకినట్టుంటుంది బాబాయ్‌గారూ. మంట అనిపిస్తే వెంటనే చెప్పెయ్యండి, ఓర్చుకోవద్దు," అంది మొదటి రోజే.

నేను అంబత్తూరులో పంపుల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాను. ప్రెషర్ పెంచుతూ పోయి, ఎంత తట్టుకుంటే పంపు అంత గట్టిదని రాసేవాళ్ళం. కాలికీ అదే పద్ధతి పెట్టాను. రోజూ ఎంత కరెంటు ఇచ్చారో డైరీలో రాసుకుని, "ఇంకొంచెం పెంచమ్మా" అనేవాణ్ణి. మంటగా ఉందా అని అడిగితే లేదన్నాను. ఉంది.

ఆరో వారంలో అన్నిటికంటే పెద్ద అంకె వచ్చింది. ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ సాయంత్రం ప్యాడ్ తీస్తే తొడ మీద బొబ్బ. కాలు వణికి, అంతకుముందు నిలబడ్డంత సేపు కూడా నిలబడలేకపోయాను. పది రోజులు సెషన్లు ఆపేశారు.

డాక్టరుకు డైరీ చూపించాను. ఆయన పేజీలు తిప్పి అన్నారు: "సార్, ఇది మెషీన్ ప్రోగ్రెస్ రిపోర్టు. మీ కాలిది ఏది? మోటారు సాయం లేకుండా అది ఎంతసేపు తొక్కిందో రాయండి. తక్కువ కరెంటుతో అదే పని చేస్తే, అది కాలు సంపాదించిన బలం."

సౌజన్య ముఖం చిన్నబుచ్చుకుంది. "మంట లేదని నాతో అబద్ధం చెప్పారు కదా బాబాయ్‌గారూ."

ఫ్యాక్టరీలో తప్పుడు రీడింగు రాసినవాణ్ణి నేను ఏనాడూ క్షమించలేదు. కనకవల్లి వదల్లేదు: "ఊళ్ళో పంపులన్నీ రిజెక్ట్ చేస్తిరే, ఇప్పుడు మిమ్మల్ని ఎవురు రిజెక్ట్ చేసేది?"

కొత్త పేజీ మొదలుపెట్టాను. మోటారు సాయం లేకుండా తొక్కిన నిమిషాలు, ప్యాడ్ కింద చర్మం ఎలా ఉంది, మంట ఉందా. మొదట రెండు నిమిషాలు. మార్గళి ముగిసి సంక్రాంతి వచ్చేసరికి పదకొండు, అదీ తగ్గించిన కరెంటుతో. సైకిల్ ఒక్కటే నడిపించదని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి, ప్రతి సెషన్ తర్వాత కమ్మీలు పట్టుకుని నిలబడటం, అడుగులు వేయడం. కొన్ని వారాలు అంకె కదల్లేదు. అదీ రాశాను.

ఏప్రిల్‌లో, పంగుని నెల చివరి ఆదివారం, దామోదరం వెనక నుంచి కాపు కాస్తుండగా పదిహేడు మెట్లూ ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగాను.

ఇప్పటికీ వారానికి రెండు సెషన్లు ఉన్నాయి. ఎక్కువ దూరమైతే చేతికర్ర కావాలి. ఈ చికిత్సకు వెళ్ళేవారికి నేను చెప్పేది ఒకటే: ప్యాడ్ కింద ఏమనిపిస్తోందో ఉన్నది ఉన్నట్టు అప్పుడే చెప్పండి. ఓర్పు చూపించడానికి అది చోటు కాదు.

మెట్లెక్కిన మర్నాడు ఉదయం పాలకు దిగుతున్నాను. అయిదో మెట్టు దగ్గర ఎడమ చెప్పు జారింది. ఆగాను. గోడకమ్మీ పట్టుకుని, వేళ్ళతో తడిమి మళ్ళీ తొడుక్కున్నాను.

పైనుంచి కనకవల్లి: "ఏం, ఆడ నిలబడిపోయినారు?"

"చెప్పు జారింది."

"ఎవురు చెప్పినారు మీకు?"

"నా కాలే."

ఆమె మెట్ల దాకా వచ్చి కిందికి తొంగి చూసింది. తర్వాత అంది: "సరే, రెండు పాకెట్లు తెండి. పాయసం చేస్తా."