రాగిరేకు వద్దన్న మనిషి

చీరల దుకాణంలో మీ ముందు చీర మీద చీర విప్పి పరిచే అమ్మాయి, పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా గుక్కెడు మంచినీళ్ళు కూడా ఎందుకు తాగదో మీరెప్పుడైనా అడిగారా? చాలామంది అడగరు. అడిగిన మనిషిని ఒకరిని నేనెరుగుదును. పోయిన వారం ఢిల్లీ సరోజినీ నగర్ బజారులో స్వెట్టరు బేరమాడుతుంటే ఆమె గుర్తుకొచ్చింది. దగ్గర్లో ఎక్కడో కొత్త నడకదారికి రాళ్ళు కోస్తున్నారు. కోత మిషను రొద, తడి సిమెంటు వాసన, పెదాల మీద పేరుకునే తెల్లటి రాతిపొడి. ఎదురుగా ఫ్లెక్సీ మీద ‘సుందరీకరణ’ అని హిందీలో పెద్దక్షరాలు. ఆ మాట కనబడితే చాలు, మా ప్రమీలా ఆంటీ ముక్కు విరిచేది. “సుందరమంటే ఎవని కంటికే?” అనేది.

ప్రమీలా ఆంటీది వరంగల్ దగ్గరి ఊరు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కొలువు. ఊళ్ళ బాగుకోసం డబ్బు మంజూరు చేసే ఫైళ్ళ మధ్యే ఉద్యోగమంతా గడిపింది. భర్తకు ఫ్యాక్టరీ పని ఉండటంతో ఘాజియాబాద్ అవతల, పేరు చెప్పినా మీకు తెలియని ఒక చిన్న పట్టణంలో ఇల్లు కట్టుకుని, రోజూ లోకల్ రైల్లో ఆఫీసుకు వెళ్ళొచ్చేది. నేను చూసేనాటికి ఆమె రిటైరైంది, భర్త పోయాడు. నేను కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగు అయ్యి, పరీక్ష తప్పి, ఒక పత్రికలో చిన్న ఉద్యోగం దొరికి, అద్దె తక్కువని ఆమె ఇంటి మేడగదిలో దిగాను. ఆమె ఉప్మా ఉండలు కట్టేది. ఆమె మెచ్చుకోలు కూడా అంతే, గొంతు దిగడం కష్టం. నా మొదటి వ్యాసం అచ్చయిన రోజు చదివి, కళ్ళద్దాలు తీసి, “కోపం మస్తుగుంది. పని కనబడ్తలేదు” అంది.

ఆ కోపం నాకు ఇంట్లోనే అబ్బింది. మా నాన్న ఒంగోల్లో హేతువాద సంఘం నడిపేవాడు. మా వరండాలో ఆదివారాలు చర్చలు జరిగేవి. ముహూర్తాలు, జాతకాలు, వాస్తు, ఏ అంశం ఇచ్చినా ఎదుటివాడి వాదాన్ని ముక్కలు చేయడం నాకు గవ్వలాటంత సులువు. వాదంలో గెలిస్తే లోకం ఆ మేరకు మారిపోతుందని నమ్మేదాన్ని.

అలాంటి రోజుల్లో ఆ పట్టణం నడిబొడ్డున ఉన్న పాత బజారును బాగుచేయడానికి ప్రభుత్వం నిధులిచ్చింది. మురుగుకాలువలు, వీధిదీపాలు, నడకదారి, బజారు మొదట్లో ఒక స్వాగత తోరణం. ఆడవాళ్ళ కోసం మరుగుదొడ్లు కూడా ప్లానులో ఉన్నాయి. ఆ బజారులో సగం దుకాణాల్లో అమ్మేది ఆడపిల్లలే. వాళ్ళకు అవసరమొస్తే రైలు కట్ట దాటి స్టేషనుకు పోవాలి. యజమాని మొహం చిట్లించుకుంటాడని చాలామంది పోరు, నీళ్ళు తాగడమే మానేస్తారు. జ్వరాలతో, కడుపునొప్పులతో పడుంటారు. ఆంటీ ఇంట్లో పనికొచ్చే కుసుమ్ వాళ్ళ అక్క కూతురు అలాగే ఆసుపత్రి పాలైంది. మరుగుదొడ్డి కట్టించి తీరాలని ఆంటీ పట్టుబట్టింది అప్పుడే.

మురుగు కలిపే వీలున్న సర్కారు స్థలం బజారు మొత్తంలో ఒకటే, ఈశాన్యం మూల. అక్కడ ఏం కట్టాలన్నా వర్తక సంఘం ఒప్పుకోవాలి. దాని అధ్యక్షుణ్ణి అందరూ ప్రధాన్‌జీ అనేవారు. పెద్ద చీరల దుకాణం ఆయనది. మంచివాడే, మాట మర్యాద తెలిసినవాడే. ధర్మశాల హాల్లో జరిగిన సమావేశంలో ఆయన లేచి చేతులు జోడించాడు. ఆయన హిందీని నా తెలుగులో చెబుతున్నాను.

“దేఖియే మేడమ్‌జీ, ఈశాన్యం దేవుడి మూల. అక్కడ మరుగుదొడ్డి పెడితే బజారు మొత్తానికి గ్రహచారమే. అక్కడ ఫౌంటెన్ పెడదాం. ఈశాన్యంలో నీళ్ళుంటే లక్ష్మి నిలుస్తుంది.”

“మరుగుదొడ్లోనూ నీళ్ళే కదా ప్రధాన్‌జీ?” అంది ఆంటీ. హాలు నవ్వింది. ఆయనా నవ్వాడు. అక్కడితో నేను ఆగి ఉండాలి. ఆగితే నేనెలా అవుతాను? లేచి దంచేశాను. దిక్కులకు పుణ్యపాపాలు ఉంటే భూమి గుండ్రంగా ఎలా ఉందన్నాను. మీ ఈశాన్యం పక్కింటివాడికి నైరుతి అవుతుంది కదా, అతగాడి లక్ష్మిని మీరెందుకు తరిమేస్తున్నారన్నాను. వెనక బల్లల మీది కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రధాన్‌జీ మొహం ఎర్రబడి, “ఠీక్ హై, మా విశ్వాసాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో మాకు మాటల్లేవు” అని లేచి వెళ్ళిపోయాడు. వెంట మిగతా వర్తకులూ వెళ్ళారు.

రిక్షాలో ఇంటికొస్తూ ఆంటీ అంది, “మంచిగ మాట్లాడినవ్ పిల్లా. ఆయన నోరు మూయించినవ్. ఇగ ఆయన తలుపు గూడ మూసుకున్నడు.”

“మరి ఆయన చెప్పింది శుద్ధ అబద్ధం కదండీ!”

“అబద్ధమే. నువ్వు అబద్ధాన్ని ఓడగొట్టినవ్. మరుగుదొడ్డి ఏడుంది?”

తర్వాత కొన్నాళ్ళకు ఆ పని చూసే యువ ఇంజనీరు ఆంటీని వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. మార్చి దాటితే ఆ పద్దు కింది డబ్బు వెనక్కి పోతుంది, లేదా వర్తకులు అడిగినట్టు ఫౌంటెన్‌కు మళ్ళుతుంది. అతనికీ మరుగుదొడ్డే కట్టాలని ఉంది. టీ తాగుతూ గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. వర్తకులు గౌరవించే వాస్తు పండితుడొకాయన ఉన్నాడు. ఆయన వచ్చి, గోడలో ఒక రాగిరేకు పాతితే దోషం పోతుందని చెబితే చాలు, ప్రధాన్‌జీ సరేనంటాడు. పండితుడితో తను మాట్లాడి పెట్టాడు కూడా.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక రేకుముక్క! గోడలో ఉంటే ఎవరికి నష్టం? వాస్తును తూర్పారపట్టిన నేనే, “ఒప్పుకోండి ఆంటీ” అన్నాను.

ఆంటీ అతని కప్పులో ఇంకాస్త టీ పోసింది. “బేటా, నీ మనసు మంచిది” అంది హిందీలో. “కానీ ఇవాళ పండితుడు కట్టమన్నాడని కడితే, రేపు అదే పండితుడు మూసేయమంటే మూయాలి. అప్పుడు వద్దనడానికి నా దగ్గర ఏముంటుంది?”

“మేడమ్, టైమ్ లేదు. డబ్బు పోతుంది.”

“పోనీ.”

అతను తల పట్టుకుని వెళ్ళాడు. నేను ఆంటీ మీద విరుచుకుపడ్డాను. మీ పంతం కోసం ఆ ఆడపిల్లల్ని ఇంకో ఏడాది స్టేషను దాకా పరిగెత్తిస్తారా అన్నాను. ఆమె గిన్నెలు కడిగి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, “చెప్పులేసుకో, పోదాం” అంది.

ఆ రోజు నుంచి మా పని దుకాణాలు తిరగడం. ఆంటీ కొనే మనిషిలా కూర్చుని, చీరలు విప్పించి, యజమాని అటు తిరగగానే ఆ అమ్మాయిని మెల్లగా అడిగేది, “నీళ్ళు తాగావా బేటీ?” మొదట నవ్వి తప్పించుకునేవారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. వచ్చే సమావేశానికి రండి, అక్కడ చెప్పండి అంటే మాత్రం భయపడేవారు. ఉద్యోగం పోతుంది ఆంటీజీ, మీరే చెప్పండి, మీరు చదువుకున్నారు అనేవారు. “నేను చెప్తే నా మాటయితది. నాకు ఇంట్ల మరుగుదొడ్డి ఉంది. నా మాట ఎవడింటడు?” అని దారి పొడుగునా నాతో గొణిగేది. బతిమాలింది, తిట్టింది, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అత్తలతో మాట్లాడింది. డబ్బు వెనక్కి పోతుందేమోనని ఆమెకు నిద్ర పట్టేది కాదని తర్వాత కుసుమ్ చెప్పింది. నాకు మాత్రం తెలియనివ్వలేదు.

రెండో సమావేశం మొదలయ్యేసరికి దుకాణాల అమ్మాయిలు రాలేదు. ఆంటీ ద్వారం వైపు చూస్తూనే ఉంది. ప్రధాన్‌జీ ఫౌంటెన్ బొమ్మ గోడకు తగిలించి వివరిస్తుండగా వచ్చారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గోడవారగా గుంపుగా నిలబడ్డారు. అందులో ప్రధాన్‌జీ దుకాణంలో పనిచేసే రేఖ కూడా ఉంది. ఆయన చూసి, “ఏమైంది రేఖా, దుకాణంలో ఎవరున్నారు?” అన్నాడు.

రేఖ పక్కనున్న అమ్మాయి చెయ్యి వదిలి ఒక అడుగు ముందుకేసింది. “బాబూజీ, మీ కోడలు భాభీజీ దుకాణానికొస్తే పై అంతస్తులోకి వెళ్ళొస్తారు. మాకు పైకి వెళ్ళే అనుమతి లేదు. మేం స్టేషనుకు వెళ్తాం. మొన్న వెళ్ళొచ్చేసరికి ఆలస్యమైందని మీరు నా సగం రోజు జీతం కోశారు. నేనెక్కడికి వెళ్ళానో చెప్పడానికి సిగ్గేసి చెప్పలేదు.”

ప్రధాన్‌జీ కుర్చీలో కూర్చున్నాడు. “నాకెవరూ చెప్పలేదే,” అన్నాడు.

“మీరు అడగలేదు ప్రధాన్‌జీ,” అంది ఆంటీ. ఎగతాళి లేదు, గెలిచానన్న మెరుపు లేదు. ఆ గొంతు నాకు ఇప్పటికీ రాదు.

ఇంకో అమ్మాయి మాట్లాడింది. తర్వాత ఇంకొకరు. వాస్తు మాట ఒక్కరూ ఎత్తలేదు. చివరికి ప్రధాన్‌జీయే లేచి, “మన పిల్లలు అవస్థ పడుతున్నారు కాబట్టి కడుతున్నాం. వేరే ఏ మాటా వద్దు” అన్నాడు అందరూ వినేలా. ఆంటీ నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. ఆమెకు కావలసింది ఆ ‘కాబట్టి’.

మార్చి లోపు పని మొదలైంది. కట్టడం పూర్తయి తలుపులు తెరిచిన రోజు వర్తకులు మామిడాకుల తోరణం కట్టి, పూజారిని పిలిచి కొబ్బరికాయ కొట్టారు. నేను భగ్గుమన్నాను. “రాగిరేకు వద్దన్న మనిషి కొబ్బరికాయకు ఎలా ఒప్పుకుందో!” అని దెప్పాను. ఆంటీ కొబ్బరిముక్క నోట్లో వేసుకుంది. “కొబ్బరికాయ పండుగ పిల్లా. రేకు కారణం. పండుగ ఎవనిష్టం వానిది. కారణం మాత్రం తప్పుది పెట్టొద్దు. కారణం తప్పయితే కట్టినదంతా దాని మీదనే కూలుతది. తిను, తియ్యగుంది.”

మా వరండా చర్చల్లో ఇంత స్పష్టంగా ఈ తేడాను ఎవరూ చెప్పలేదు. మేం కొబ్బరికాయల మీద యుద్ధాలు చేశాం. కారణాలను మాత్రం ఎవరికి వీలైనట్టు వాళ్ళు పాతుకోనిచ్చాం.

ఆమె మాట నిజమో కాదో తేలడానికి ఎక్కువకాలం పట్టలేదు. ఆ వానాకాలంలో బజారులో ఒక బట్టల వ్యాపారి నష్టపోయాడు. ఎవరో వాస్తు చూసి, దోషమంతా ఈశాన్యంలో ఉందన్నారు. మర్నాటికి వర్తకులు మరుగుదొడ్డికి తాళం వేశారు. ఆంటీ అప్పుడు కంటి ఆపరేషనై మంచం మీద ఉంది. నేను పత్రికకు మండిపడే వ్యాసం రాయడానికి కూర్చున్నాను. అది పూర్తయ్యేలోగానే కుసుమ్ వచ్చి తాళం తీసేశారని చెప్పింది. రేఖా, మిగతా అమ్మాయిలూ కలిసి ప్రధాన్‌జీ దగ్గరకు పోయి, “మీరే కదా బాబూజీ అందరిలో అన్నారు, మా అవస్థ కోసం కట్టామని. మా అవస్థ తీరిందా?” అని అడిగారట. ఆయన తానే నడిచివెళ్ళి తీయించాడట. అదే రాగిరేకు పునాది మీద నిలబడి ఉంటే ఆ అమ్మాయిలు ఏమని అడిగేవారు? రేకు చిలుము పట్టిందా అనా?

ఈ సంగతి చెబితే ఆంటీ కంటి కట్టు కింద నుంచి నవ్వింది. “నేను లేకున్నా అయింది చూడు. అట్లనే కావాలె” అంది. ఇప్పుడామె నిజంగానే లేదు. ఉత్సాహంగా రాయబోయే ప్రతిసారీ నా వాక్యాల్లో ఆమె వచ్చి వేలు పెడుతుంది. ఇది ఎవరి నోరు మూయించడానికి రాస్తున్నావ్, ఎవరి నోరు తెరవడానికి రాస్తున్నావ్ అంటుంది. రెండోది కాకపోతే కొట్టేస్తాను. మంచి పని కోసమే కదా అని అబద్ధపు ఆసరా తీసుకోబోతే చెయ్యి ఆగిపోతుంది. నాన్న ఇచ్చిన కోపం నాలో తగ్గలేదు. దాన్ని ఎటు తిప్పాలో ఆమె చూపించింది.

చదువుతున్న మీతో ఒక మాట. మీ ఊరి నడిబొడ్డుకూ నిధులు వస్తాయి, ఇప్పటికే వచ్చి ఉండొచ్చు. తోరణాలకు డబ్బు అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాటి మీద పేరు చెక్కించుకోవచ్చు కదా. మురుగుకాలువ మీద పేరు ఎవడు చెక్కించుకుంటాడు? కాబట్టి మీరు వెళ్ళండి. వార్డు సభ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళి ఉపన్యాసం ఇవ్వకండి, అవస్థ పడేవాళ్ళను వెంట తీసుకెళ్ళి వాళ్ళ చేత చెప్పించండి. ఆ పని ఎవరి కోసమో, ఎందుకో, నలుగురూ వినేలా అధికారి నోటా పెద్దమనిషి నోటా పలికించండి. ఆ మాట వినేదాకా కుర్చీలోంచి లేవకండి.