జలుబుకు ఇంటిపేరు అడిగే జలంధర్

జలంధర్‌కు ఒక్కటే జబ్బు. ఎవరు తుమ్మినా ఆ తుమ్ము పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోనిదే ఆయనకు ముద్ద దిగదు. దోహాలో ఏ తెలుగువాళ్ళు భోజనానికి పిలిచినా, వడ్డించే ఇల్లాలు దగ్గిందంటే కంచం పక్కకు జరిపేవాడు.

"వదినా, ఈ దగ్గు ఎవరింటికెళ్ళి వచ్చింది? వాళ్ళకెవరిచ్చిన్రు?"

ఆయన ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. వైరస్ లోపలి అక్షరాలు చదివి అది ఎక్కడిదో తేల్చే మిషన్లు లండన్‌లో ఉన్నాయి. ఆ తొంభైల్లో ఆయన ల్యాబ్‌కు దక్కినవి నమూనాలు కట్టి అక్కడికి పంపే ఐసు పెట్టె, అతికించే టేపు.

"జ్వరం మనది, చదువు వాళ్ళది," అనేవాడు. "జవాబొచ్చేసరికి రోగి వీసా అయిపోయి ఊరికి పోతడు. అందుకే నోటితోనే అడుగుత."

అలాంటి మనిషి దోహా శివారు ముఐథర్‌లో రామమోహన్ ఇంటికి భోజనానికి వచ్చేసరికి పనిమనిషి ఆంజనమ్మకు గుండెల్లో రాయి పడింది. ఇంటిల్లిపాదికీ జ్వరాలు. రామమోహన్ కంపెనీ పనిమీద లండన్ వెళ్ళి దగ్గుతూ దిగాడు. ఆంజనమ్మ సెలవు ముగించుకుని కడప నుంచి వచ్చింది ఆ తర్వాతే. అయినా ఇంటావిడ సావిత్రి తీర్పు చెప్పేసింది.

"ఇదే తెచ్చింది అన్నయ్యగారూ. మీరు ఊఁ అంటే రేపే విమానం ఎక్కించేస్తాం."

కడపలో కూతురి నర్సు చదువు ఈ జీతం మీదే నడుస్తోంది. ఆంజనమ్మ గరిటెడు చారు కంచంలో కాక బల్ల మీద పోసింది.

"ముందుగాల ఎవరు దగ్గిన్రు?" అని మొదలుపెట్టాడు జలంధర్.

"నేనే అనుకుంటా," అని రామమోహన్ దగ్గాడు.

"మీరు ఊరుకోండి," అంది సావిత్రి. "మీది ఏసీ దగ్గు. లండన్‌లో జబ్బులేముంటాయి, అంత శుభ్రమైన ఊరు."

జలంధర్ రామమోహన్‌ను చూశాడు, గరిటెను చూశాడు.

"వదినా, ఈ జలుబు నాదే. ఆంజనమ్మ రాకముందు పేకాటకు వచ్చిన గదా, అప్పుడే నాకు ముక్కు కారుతుండె."

సావిత్రి కుర్చీ వెనక్కి జరిపింది. ఆయన మాత్రం రామమోహన్ గొంతులోంచి నమూనా తీసుకుని లేచాడు.

అప్పటి నుంచి దోహా తెలుగువాళ్ళెవరూ ఆయన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. భోజనం గేటు దగ్గరే క్యారియర్‌లో అందించేవారు. రామమోహన్ ఇంట్లో ఆ పని ఆంజనమ్మదే.

"అబద్ధమెందుకు చెప్తివి సార్? ఇన్నేండ్లలో నీకు జలుబు చేసింది నేను చూళ్ళేదే."

"నిజం చెప్తే మీ అమ్మగారు అయ్యగారిని పంపుతదా? నిన్నే పంపుతది."

ఆంజనమ్మ క్యారియర్‌లో ఇంకో వడ ఇరికించింది. "మరి అయ్యగారి గొంతులోది లండన్‌కు పంపిస్తివే, జవాబు రాల్యా?"

"రాలే. సొంతూరికి పోయింది గదా, దానికేం తొందర?"